పాముకు అలక తెలియదు

ఆగస్టులో కొడుకును యూనివర్సిటీ హాస్టల్లో దింపి ఇంటికొస్తారు. వాడి గది తలుపు తీస్తే మంచం, గోడ మీద పోస్టర్లు, మూల బల్ల మీద నాలుగడుగుల గాజు ట్యాంకు. అందులో బాల్ పైతాన్. అమెరికాలో పెరుగుతున్న మన పిల్లల్లో పాముల మీద మోజుపడేవాళ్ళూ ఉన్నారు మరి. ఆరో క్లాసులో వాడు మారాం చేసినప్పుడు తల్లిదండ్రులు లెక్కలు వేశారు. కుక్కయితే రోజూ బయట తిప్పాలి, పిల్లి అయితే సోఫా నిండా వెంట్రుకలు, ఇదయితే అరవదు, వాసన రాదు, వారానికోసారి తింటుంది. సరేనన్నారు. ఇప్పుడు నాన్న పది రోజులకోసారి ఫ్రీజర్లోంచి ఎలుకను తీసి, గడ్డ కరిగించి, పట్టకారుతో అందిస్తున్నాడు. నీళ్ళ గిన్నె కడిగి పెడుతున్నాడు. అమ్మ ఆ గది గడప దాటదు. ఏడాది తిరిగాక సెలవులకు వచ్చిన కొడుకు పాత అలవాటుకొద్దీ ట్యాంకులో చెయ్యి పెట్టేసరికి బుస్సుమంది.

"అమ్మా, ఇది నన్ను మర్చిపోయినట్టుందే!"

"మర్చిపోవడం కాదురా, అలిగింది. ఏడాదిపాటు మొహం చూపించకపోతే అలగదూ!"

ఇద్దరి మాటా నిజం కాదు. ఈ అధ్యాయం ఇలాంటి ఇళ్ళ కోసం. చదువు వల్లనో, ఉద్యోగం వల్లనో, ఇంట్లో పసిబిడ్డ పుట్టడం వల్లనో, మనసు బాగోకనో, పెంపుడు పామును తిండీ నీళ్ళతో సరిపెట్టి నెలల తరబడి ముట్టకుండా వదిలేసినవాళ్ళ కోసం. నేను బాల్ పైతాన్‌నే ఉదాహరణగా పెట్టుకుంటున్నాను. కార్న్ స్నేక్, కింగ్ స్నేక్ పెంచేవాళ్ళకూ పద్ధతి ఇదే, వేగమే కాస్త మారుతుంది.

ట్యాంకులో ఉన్న పాము జోలికి వెళ్ళేముందు మన బుర్రలో ఉన్న పామును దించుకోవాలి. తెలుగువాళ్ళకు పాము ముందు కథగా పరిచయమవుతుంది, జంతువుగా ఆ తర్వాతే. కోస్తాలో కార్తీకమాసపు నాగుల చవితికి, తెలంగాణలో శ్రావణమాసపు నాగపంచమికి పుట్టలో పాలు పోస్తాం. తోక తొక్కినవాణ్ణి ఏడూళ్ళ అవతలున్నా వెతుక్కుంటూ వస్తుందని అమ్మమ్మ చెబుతుంది. నాగిని పగ మీద ఎన్ని సినిమాలు ఆడాయో లెక్క లేదు. చదువుకున్నవాళ్ళం కాబట్టి పగను నమ్మం. కానీ ఆ నమ్మకాన్నే కాస్త మెత్తబరిచి "అలిగింది", "బాధపడింది", "నా మీద నమ్మకం పోయింది" అంటుంటాం. పేరు మారింది గానీ సరుకు అదే.

ఇది తెలియకపోతే వచ్చే నష్టం చిన్నది కాదు. అలిగిందనుకున్నవాడు బతిమాలతాడు. సెలవులకు వచ్చిన మొదటి రోజే గంటసేపు బయటికి తీసి, భుజాల మీద వేసుకుని, స్నేహితులకు వీడియో కాల్లో చూపించి, ఇన్నాళ్ళ లోటును ఒక్క సాయంత్రంలో తీర్చేద్దామనుకుంటాడు. ఈ ప్రాయశ్చిత్తం మన మనసుకు హాయిగా ఉంటుంది. పాము లెక్కలో మాత్రం అది గంటసేపు సాగిన దాడి. మర్నాడు మూత తీసేసరికి బుస ఇంకాస్త పెద్దదవుతుంది.

అసలు జరిగింది ఇంతే. తరచూ వచ్చే చెయ్యి, ఏ హానీ చెయ్యని చెయ్యి, కొన్నాళ్ళకు పాము దృష్టిలో పట్టించుకోనక్కర్లేని వస్తువైపోతుంది. మనం మచ్చిక అనుకునేదాంట్లో ఎక్కువ భాగం ఇదే. చేతిని ఇష్టపడటం వేరు, చేతికి బెదరకపోవడం వేరు. ఆ చెయ్యి రావడం మానేస్తే బెదురు మళ్ళీ తలెత్తుతుంది. ఇందులో మనసు విరగడం లేదు, కాబట్టి అతికించాల్సిందీ లేదు. పోయిన అలవాటును మళ్ళీ చేయాలి. చాలా పాములు మొదటిసారి కంటే రెండోసారి త్వరగానే దారికొస్తాయి.

అలాగని పాము బుద్ధిలేని జీవి కాదు. 1999లో అమెరికాలోని రోచెస్టర్ యూనివర్సిటీలో డేవిడ్ హోల్ట్‌జ్‌మన్ బృందం ప్రచురించిన పరిశోధనలో, కార్న్ స్నేక్ పిల్లలు గుండ్రటి అరీనాలో తప్పించుకునే కన్నం ఎక్కడుందో శిక్షణతో నేర్చుకున్నాయి. పాము నేర్చుకుంటుంది. చిక్కల్లా, మనం నేర్పుతున్నామని తెలియకుండా నేర్పినవీ నేర్చుకుంటుంది. మన కథలో నాన్న ఏడాదిగా ఏం నేర్పాడో చూడండి. మూత తెరుచుకుంది, ఎలుక వచ్చింది. మళ్ళీ తెరుచుకుంది, మళ్ళీ ఎలుక. నీళ్ళ గిన్నె కూడా ఆ రోజే మార్చేవాడు. ఏడాదిగా ఆ మూత చప్పుడుకు పాముకు తెలిసిన అర్థం ఒక్కటే, భోజనం. ఆ చప్పుడు వినగానే మెడ ముందుకు చాచిన పాముకు కొడుకు చేతి వేడి తగిలింది, ఎలుక బదులు చెయ్యి చూసి బెదిరి బుస కొట్టింది. దాని పై పెదవి మీద వేడిని పసిగట్టే చిన్న గుంటలు ఉంటాయి. చీకట్లో ఎలుకను పట్టించేవి అవే.

అందుకే మొదట తేల్చుకోవాల్సిన ప్రశ్న, ఇది భయమా, ఆకలా? భయపడ్డ పాము వెనక్కి జరుగుతుంది. మెడను ఇంగ్లిషు ఎస్ అక్షరంలా మడుస్తుంది, బుస కొడుతుంది, లేదా తలను మధ్యలో దాచి ఒళ్ళంతా ఉండ చుట్టుకుంటుంది. బాల్ పైతాన్‌కు ఆ పేరు వచ్చింది ఈ అలవాటుతోనే. భయంతో వేసిన కాటు మెరుపులా తగిలి వదిలేస్తుంది. ఆకలి మీదున్న పాము పద్ధతి వేరు. బుస ఉండదు. తల దాక్కునే గూటి బయట పెట్టి, కదిలే ప్రతిదాని వెంటా మెల్లగా తిప్పుతుంది. అది కరిస్తే పట్టుకుని వదలదు, ఒళ్ళు చుట్టేస్తుంది. మొదటి రకానికి మందు ఓపిక. రెండో రకానికి ఒక చిన్న సంకేతం చాలు, దాని సంగతి తర్వాత.

పాము వైపు నుంచి కూడా ఒకసారి చూడాలి. బాల్ పైతాన్‌ది పశ్చిమ, మధ్య ఆఫ్రికా. ఘనా, టోగో, బెనిన్ దేశాల నుంచే పెంపకానికి లక్షల్లో ఎగుమతి అయ్యాయి. అక్కడ అది పగలంతా ఎలుక బొరియల్లోనో, చెదలు వదిలేసిన పుట్టల్లోనో దాక్కుని రాత్రి బయటికొస్తుంది. పుట్టలో పాము అన్న మన మాట అక్కడా చెల్లుతుందన్నమాట. మూడు నుంచి అయిదడుగుల జీవి అది, దాన్ని తినేవాటికి లోటు లేదు. పైనుంచి వచ్చి పడేవి గద్దలు, ఇతర వేట పక్షులు. మూత పైకి తెరుచుకునే ట్యాంకులో మన చెయ్యి దిగేదీ పైనుంచే. కాబట్టి చెయ్యి పక్కనుంచి, ట్యాంకు నేలకు దగ్గరగా రావాలి. తల వైపు పోకూడదు. పాము చూస్తుండగా రావాలి.

మొదటి వారం ముట్టుకోవద్దు. ఆ వారం పని మీదా కాదు, పాముదీ కాదు, ట్యాంకుది. తాకడం మానేసిన ఇంట్లో మిగతా శ్రద్ధ కూడా కొంత సడలే ఉంటుంది. వెచ్చటి వైపు 88 నుంచి 92 ఫారెన్‌హీట్ డిగ్రీలు, చల్లటి వైపు 76 నుంచి 80 మధ్య ఉండాలి. గాలిలో తేమ 60 శాతానికి తగ్గకూడదు. హీట్ మ్యాట్‌కు థర్మోస్టాట్ పనిచేస్తోందా చూడండి. అది లేని మ్యాట్ మీద పడుకుని పొట్ట కాలిన పాములు ఎన్నో పశువైద్యుల దగ్గరికి వస్తుంటాయి. పొట్ట కాలిన పామును ఎత్తితే బుస కొట్టక ఏం చేస్తుంది? దాక్కోవడానికి రెండు గూళ్ళు కావాలి, వెచ్చటి వైపు ఒకటి, చల్లటి వైపు ఒకటి. గూడు ఇరుకుగానే ఉండాలి, ఒళ్ళు నాలుగు వైపులా తగిలితేనే దానికి ధీమా. దాక్కునే చోటు లేని పాముకు ధైర్యం నేర్పడం కుదిరే పని కాదు.

తర్వాత గాజు బయటి నుంచే ఒంటిని చూడండి. వెన్నెముక గట్టులా పైకి తేలితే బక్కచిక్కినట్టు. కళ్ళ చుట్టూ, నీళ్ళ గిన్నె అడుగున కదిలే నల్లని చుక్కలుంటే పేలలాంటి మైట్స్ పట్టాయి. కుబుసం ముక్కలుగా ఊడిందంటే తేమ చాలలేదు. కంటి మీద పాత పొర మిగిలిందేమో, తోక చివర ఉంగరంలా బిగుసుకుందేమో చూడాలి. తోక దగ్గర బిగిస్తే రక్తం ఆడక ఆ ముక్క చచ్చిపోతుంది. ముక్కు దగ్గర బుడగలు, తెరిచిన నోరు, ఊపిరిలో గురక కనిపిస్తే ఈ అధ్యాయం మూసేసి వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళండి. కుక్కల డాక్టర్లందరికీ పాముల సంగతి తెలియదు. సరీసృపాలు, ఉభయచరాలు చూసే పశువైద్యులకు అమెరికాలో ఏఆర్ఏవీ అనే సంఘం ఉంది. మీ ఊళ్ళో ఎవరున్నారో వాళ్ళ జాబితాలో వెతకొచ్చు. నొప్పితో ఉన్న పాముకు మచ్చిక పాఠాలు చెప్పడం అన్యాయం.

రెండో వారం నుంచి మీ పని మూతకు అర్థం మార్చడం. రోజూ మూత తియ్యండి, ఎలుక లేకుండా. ఒక రోజు నీళ్ళు మార్చండి. ఒక రోజు అడుగున పరిచిన పొట్టులో మురికైనది ఎత్తేయండి. ఇంకో రోజు ఏ పనీ లేకపోయినా చెయ్యి లోపల ఒక మూల ఆనించి, రెండు నిమిషాలు కదపకుండా ఉంచి తీసేయండి. ఫోను చూసుకోవచ్చు, తప్పు లేదు. నిజానికి పాము మీద దృష్టి పెట్టకుండా ఉండటమే మంచిది, కళ్ళార్పకుండా చూసేది వేటాడే జంతువే కదా. ఈ దశలో విసుగు రాకపోతే మీరు సరిగ్గా చేయడం లేదని లెక్క. పాలు తోడుపెట్టి గంటకోసారి గిన్నె కదిపి చూస్తే పెరుగు కాదు, ఇదీ అంతే.

ఇప్పుడు తాకడం. అందరూ తడబడేది ఇక్కడే, అందుకని ఇక్కడ కొంచెం ఆగుదాం.

సాయంత్రం చీకటి పడకముందు కూర్చోండి. బాగా పొద్దుపోతే పాము వేట మీద ఉంటుంది, మిట్టమధ్యాహ్నం నిద్రలో ఉంటుంది. చేతులు వాసన లేని సబ్బుతో కడుక్కోండి. ఇంట్లో చిట్టెలుక, కుందేలు లాంటివి పెంచుతుంటే ఇది మరీ ముఖ్యం. పాము గూట్లో ఉంటే గూడును మెల్లగా పైకెత్తి పక్కన పెట్టండి, లోపలికి చెయ్యి పెట్టి లాగొద్దు. పేపర్ టవల్ అట్టగొట్టంతో, లేదా పాముల హుక్కుతో, వీపు మీద మెడకు దూరంగా ఒకసారి మెత్తగా తట్టండి. ఇందాక చెప్పిన సంకేతం ఇదే. తిండి పెట్టే రోజు తట్టరు, తాకే రోజు ప్రతిసారీ తడతారు. వారాలు గడిచేసరికి తట్టగానే ఆకలి చూపు పోయి తల కాస్త వెనక్కి తగ్గడం మీకే కనిపిస్తుంది.

తర్వాత ఒళ్ళు సగానికి కింద, తోక వైపు భాగం మీద రెండు వేళ్ళు ఆనించండి. వేళ్ళ కింద కండరం ఒక్కసారిగా బిగుస్తుంది. చర్మం మీద చిన్న అల ఒకటి తోక దాకా పరిగెడుతుంది. పక్కల పొలుసులు ఎడమై వాటి మధ్య లేతచర్మం కనిపించేంతగా ఊపిరి పీలుస్తుంది. ఆ క్షణంలో మీకు రెండు తప్పుడు దారులు తెరుచుకుంటాయి. ఒకటి, చెయ్యి చటుక్కున లాక్కోవడం. అలా చేస్తే బుస కొడితే చెయ్యి పోతుందని పాముకు మీరే నేర్పినట్టు, రేపు ఇంకా ముందే కొడుతుంది. రెండోది, ఏం కాదులే అని పట్టు బిగించి ఎత్తేయడం. అప్పుడు బుస పనిచేయలేదు కాబట్టి కాటు వేసి చూస్తుంది. చేయాల్సింది ఈ రెండింటికీ మధ్యలో ఉంది. కదలకండి. వేళ్ళు నొక్కకుండా, తీయకుండా అలాగే ఉంచండి. అర నిమిషమో, రెండు నిమిషాలో గడిచాక బిగిసిన చోటు కొంచెం సడలుతుంది. ఊపిరి మామూలు లయకు వస్తుంది. నాలుక బయటికి వస్తుంది, మొదట తడబాటుగా పొట్టిగా, తర్వాత పొడుగ్గా, తీరిగ్గా పైకీ కిందికీ ఆడుతుంది. ఇప్పుడు తీయండి చెయ్యి. ఊరుకుంటే చెయ్యి పోతుందని ఈసారి నేర్పారు. ఆ రోజుకు పని అయిపోయింది, మూత పెట్టేయండి.

బుస రాకుండా మొదలుపెట్టగలిగితే ఇంకా మంచిది. వేలు ఆనగానే రెచ్చిపోయే పాము అయితే వేలు వద్దు, అట్టగొట్టమే నాలుగు రోజులు ఆనించండి. అదీ సహించకపోతే చెయ్యి మూల పెట్టే దశకు వెనక్కి వెళ్ళండి. మెట్టు దిగడంలో ఓటమి ఏమీ లేదు. రోజుకు ఎన్ని నిమిషాలన్న లెక్క కంటే, ప్రతిసారీ పాము సడలి ఉన్నప్పుడు ముగిసిందా లేదా అన్నదే నేను చూస్తాను.

ఇక్కడ పెంపకందార్లలో రెండు పక్షాలున్నాయి. ట్యాంకు తలుపు తెరిచి పెట్టి కూర్చోవాలి, అదే బయటికొచ్చి మీ చేతి మీదికి ఎక్కాలి తప్ప మీరు తాకకూడదన్నది ఒక పక్షం. వారానికి ఇన్నిసార్లని నియమం పెట్టుకుని ఎత్తాల్సిందేనన్నది రెండోది. చురుగ్గా తిరిగే కార్న్ స్నేక్ విషయంలో మొదటి పద్ధతి బాగా నడుస్తుంది. బాల్ పైతాన్ మాత్రం తలుపు తెరిచినా రోజుల తరబడి గూట్లోంచి కదలకపోవచ్చు, దాని తత్వమే అంత. దాని ఇష్టానికే పూర్తిగా వదిలేస్తే మైట్స్ పట్టాయా, నోటికేమైనా అయిందా చూడాల్సిన రోజున ఎలా ఎత్తుతారు? అందుకే నేను రెండో పక్షానికి కాస్త దగ్గర. కానీ ఎత్తే ప్రతిసారీ "వద్దు" అనే అవకాశం దానికి ఒక నిమిషమైనా ఇవ్వాలన్నది మొదటి పక్షం దగ్గర నేర్చుకోదగ్గ మర్యాద.

తాకినప్పుడు బిగుసుకోవడం బాగా తగ్గాక ఎత్తండి. ఒక అరచెయ్యి నడుం కిందికి పక్కనుంచి పోనిచ్చి, రెండో చెయ్యి ముందు భాగం కింద ఆసరాగా పెట్టి, నేల మీదో మంచం మీదో కూర్చునే ఎత్తండి. జారిపడినా అడుగులోపే పడాలి. తల పట్టుకోవద్దు, మెడ దగ్గర నొక్కొద్దు. అది కదులుతుంటే ఆపకుండా ఒక చేతి తర్వాత ఇంకో చెయ్యి ముందుకు పెడుతూ దారి ఇవ్వండి. తొలి రోజుల్లో అయిదు నిమిషాలు, వారానికి రెండు మూడుసార్లు. నెల తిరిగేసరికి పదిహేను, ఇరవై నిమిషాలకు చేరితే చాలు. అంతకు మించి దానికి అక్కర్లేదు. మీకు భయమైతే తోలు చేతితొడుగులు వేసుకోవడానికి సిగ్గుపడొద్దు. వణికే వట్టి చేతి కంటే తొణకని తొడుగు చెయ్యి మేలు. ధైర్యం వచ్చాక తీసేయొచ్చు.

ముట్టకూడని రోజులు కొన్ని ఉన్నాయి. తిన్న తర్వాత కనీసం 48 గంటలు ఎత్తొద్దు, కక్కేస్తుంది. పాముకు కక్కడం ప్రమాదం, గొంతంతా యాసిడ్‌తో దెబ్బతింటుంది. కుబుసం విడిచే ముందు కూడా వదిలేయాలి. పాముకు రెప్పలుండవు, కంటి మీద పారదర్శకమైన పొలుసు ఉంటుంది. కుబుసానికి ముందు ఆ పొలుసు కింద ద్రవం చేరి కన్ను పాలనీలంగా మసకబారుతుంది, రంగులన్నీ వెలిసినట్టవుతాయి. కొన్ని రోజులకు కన్ను మళ్ళీ తేటపడుతుంది, ఆ తర్వాత కుబుసం ఊడుతుంది. మసకగా ఉన్నన్నాళ్ళూ దానికి చూపు సరిగ్గా ఆనదు, కుబుసం ఊడేదాకా చర్మం కూడా సున్నితంగా ఉంటుంది. అన్నాళ్ళూ మీ పాఠాలకు సెలవు. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు ఒక మెట్టు కింద నుంచి.

తిండి ట్యాంకులోనే పెట్టండి. ట్యాంకులో తినే పాము చేతిని కూడా తిండి అనుకుంటుందని, వేరే డబ్బాలో పెట్టి తినిపించాలని చెప్పేవాళ్ళు చాలామంది. కానీ తిన్న వెంటనే ఎత్తి తేవడం వల్ల వచ్చే ఇబ్బందే ఎక్కువ. తట్టే సంకేతం ఉండగా ఆ తంటా అనవసరం. మళ్ళీ తాకడం మొదలుపెట్టాక పాము తిండి మానేస్తే కంగారు పడొద్దు. బాల్ పైతాన్‌లు, ముఖ్యంగా మగవి, చలికాలంలో వారాలు, నెలలు కూడా ఉపవాసం ఉంటాయి. తూకం వేసి రాసుకోండి, వంటింటి తూకం యంత్రంతో కాదు, దానికంటూ ఒకటి కొనండి. బరువు నిలకడగా ఉంటే ఓపిక పట్టండి. దిగుతుంటే తాకడం తగ్గించి వైద్యుడితో మాట్లాడండి.

కరిస్తే? బాల్ పైతాన్‌కు విషం లేదు. గీసుకుపోయినట్టు కొన్ని చుక్కల రక్తం, అంతే. సబ్బుతో బాగా కడిగి, టెటనస్ టీకా ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోండి. పట్టుకుని వదలకపోతే మాత్రం లాగొద్దు. పళ్ళు లోపలికి వంగి ఉంటాయి, లాగితే మీ చర్మం చీరుకుంటుంది, దాని పళ్ళు విరుగుతాయి. చల్లటి నీళ్ళ ధార కింద పెడితే సాధారణంగా వదిలేస్తుంది. వదిలాక వెంటనే ట్యాంకులో పడేసి వెళ్ళిపోవద్దు. వీలైతే ఒక నిమిషం నిలకడగా పట్టుకుని, సడలాక పెట్టండి. ఆరడుగులు దాటే జాతులను పెంచేవాళ్ళు ఒంటరిగా ఎత్తకూడదు, రెండో మనిషి గదిలో ఉండాలి.

ఇంట్లో ఎవరు ముట్టుకోకూడదో కూడా చెప్పాలి. పాముల ఒంటి మీద సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉంటుంది, వాటికి ఏమీ చేయదు, మనకు చేస్తుంది. అయిదేళ్ళలోపు పిల్లలు, 65 దాటినవాళ్ళు, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవాళ్ళు సరీసృపాలకు దూరంగా ఉండాలని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ సలహా. ఇండియా నుంచి ఆరునెలల వీసా మీద వచ్చిన తాతయ్య, అమ్మమ్మ ఈ లెక్కలోకే వస్తారు. తాతయ్య సరదాపడినా సరే, వద్దనండి. నీళ్ళ గిన్నె వంటింటి సింకులో కడగొద్దు. ముట్టుకున్న ప్రతిసారీ చేతులు కడుక్కోవాలి.

ఇక అసలు ప్రశ్న. ఇదంతా చేయాల్సింది ఎవరు? కొడుకే అనుకుంటారు అందరూ, పాము వాడిది కాబట్టి. వాడు జూన్‌లో మొదలుపెడితే జూలై చివరికి పాము చక్కగా చేతికి వస్తుంది. ఆగస్టులో వాడు వెళ్ళిపోతాడు. మళ్ళీ ఏడాది మూత, ఎలుక, మూత, ఎలుక. ఏటా పామును మచ్చిక చేయడం, ఏటా చెడగొట్టడం! నన్నడిగితే ఇంట్లో ఎవరు మిగులుతారో చెయ్యి వాళ్ళది కావాలి. అంటే నాన్నది. తిండి పెట్టే చెయ్యి, తట్టే చెయ్యి, ఎత్తే చెయ్యి ఒక్కటే అయినా ఫర్వాలేదు, సంకేతం తేడాగా ఉంటే చాలు. కొడుకు చేయాల్సింది ఆ రెండు నెలలూ నాన్న పక్కన కూర్చుని చూపించడం. "నాన్నా, ఇప్పుడు తియ్యకండి చెయ్యి, నాలుక బయటికొచ్చాక తియ్యండి" అని చెప్పడం. యాభై ఏళ్ళ వయసులో కొడుకు దగ్గర పాఠం నేర్చుకోవడానికి మొహమాటపడే తండ్రులున్నారు. మొహమాటాన్ని ఈ ఒక్క విషయంలో పక్కన పెట్టండి, ఎందుకంటే పాము మీతో చాలాకాలం ఉంటుంది. పెంపకంలో ఇరవై, ముప్ఫై ఏళ్ళు మామూలు. సెయింట్ లూయిస్ జూలో 1961 నుంచి ఉన్న ఒక బాల్ పైతాన్ 2020లో ఏడు గుడ్లు పెట్టింది. అప్పటికి దాని వయసు అరవై దాటిందని జూవాళ్ళ అంచనా, మగపాము దాని దరిచేరి పదిహేనేళ్ళకు పైనే అయింది. ఆరో క్లాసులో కొన్న పాము ఆ పిల్లవాడి పెళ్ళికీ ఉంటుంది, వాడి పిల్లల స్కూలు అడ్మిషన్‌కూ ఉండొచ్చు.

కొన్ని పాములు ఎంత చేసినా చేతిని ఇష్టంగా సహించవు. మూడు నాలుగు నెలలు క్రమం తప్పకుండా చేశాక కూడా తాకిన ప్రతిసారీ ఉండ చుట్టుకుంటూ, తిండి మానేస్తూ ఉంటే ఇక అక్కడితో ఆపడమే న్యాయం. హుక్కు సాయంతో ట్యాంకు శుభ్రం చేయగలిగినంత, ఒంటిని చూడగలిగినంత సహనం ఉంటే చాలు. చేతికి రాని పాముకు బతుకులో కొరత ఏమీ ఉండదు, కొరత ఉంటే అది మనకే.

ఇంట్లో ఎవరికీ ఆ పని చేసే తీరిక లేకపోతే ఇచ్చేయడం గురించి మాట్లాడుకోండి, దాంట్లో తలవంపు ఏమీ లేదు. బయట వదిలేయడం మాత్రం ఎప్పుడూ వద్దు. ఫ్లోరిడా ఎవర్‌గ్లేడ్స్‌లో పెంపుడు వ్యాపారం నుంచి తప్పించుకున్న, వదిలేసిన బర్మీస్ పైతాన్‌లు అక్కడి చిన్న జంతువులను ఎంతగా ఊడ్చేశాయో తెలిసిందే. చలి రాష్ట్రాల్లో అయితే పామే చస్తుంది. హవాయికి బదిలీ అయితే వెంట తీసుకెళ్ళే ఆలోచనే పెట్టుకోవద్దు, అక్కడ పెంపుడు పాములు పూర్తిగా నిషేధం. ఇండియాకు తిరిగి వెళ్ళేవాళ్ళకూ ఇది చిక్కే. మన దేశపు పాములను ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరం. బాల్ పైతాన్ లాంటి విదేశీ జాతులకు దిగుమతి అనుమతులు కావాలి, 2024 నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు కూడా చేయించాలి. దగ్గర్లో సరీసృపాల సంఘమో, రెస్క్యూ కేంద్రమో ఉంటే వాళ్ళనే అడగడం తేలిక.

ఇచ్చేటప్పుడు ట్యాంకు, థర్మోస్టాట్, గూళ్ళు, పాముతోపాటే ఇచ్చేయండి. తిన్న తేదీలు, కుబుసం విడిచిన తేదీలు, బరువు రాసుకున్న నోటుపుస్తకం కూడా ఇవ్వండి. దాంట్లో చివరి పేజీ మీద, తాకేముందు దేనితో తడతారో, ఒంటి మీద ఎక్కడ తడతారో రాయండి. ఎన్నాళ్ళు ముట్టకుండా వదిలేశారో అది కూడా దాచకుండా రాయండి. కొత్తగా తీసుకున్నవాళ్ళు ఏ మెట్టు నుంచి మొదలుపెట్టాలో దాన్నిబట్టే తేల్చుకుంటారు.